గద్దకు పెట్టిన మాంసం

తలుపు తీసినా గద్ద ఎగరలేదు.

వెర్లిన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. పదకొండేళ్లుగా ఎరిగిన గద్ద అది. వంటింటి కిటికీ తెర కదిలితే చాలు, లేచిపోయేది. ఇప్పుడు ముప్పై అడుగుల దూరంలో మంచు మీద కూర్చుని ఉంది. రెక్కలు రెండు పక్కలా జారిపోయాయి, భుజాల మీద నిలవని తడికోటులా. తెల్లటి తల ఒక పక్కకు వాలింది. పచ్చటి కన్ను అతని వైపే ఉంది గానీ అతన్ని చూస్తున్నట్టు లేదు.

"లే," అన్నాడు. "లేచి పో."

గద్ద ముక్కు తెరిచింది. అరుపు రాలేదు.

నది ఒడ్డున కాటన్‌వుడ్ చెట్టు కొమ్మ మీద దాని జోడు మగగద్ద కూర్చుని కిందికే చూస్తోంది. ఆడగద్దకూ ఇంటికీ మధ్యలో వెర్లిన్ పాతిన చెక్కపలక ఉంది. పలక మీద నిన్న పెట్టిన మాంసం ముక్క సగం మిగిలి గడ్డకట్టింది.

చావుకు భయపడే మనిషి కాదు వెర్లిన్. యాభై ఏళ్లలో ఎన్ని జింకల్ని కొట్టాడో అతనికే తెలియదు. అయినా ఆ ఉదయం అక్కడ నిలబడలేకపోయాడు. లోపలికి వెళ్లి కెమెరా తెచ్చి, ఆ వారం తీసిన ఫోటోలు వెనక్కి తిప్పి చూశాడు. సోమవారం రెక్కలు సరిగానే ఉన్నాయి. మంగళవారం ఎడమ రెక్క కాస్త కిందికి దిగింది. బుధవారం తల వాలింది, మంచు మీద పచ్చగా రెట్ట పడి ఉంది. నిన్న ఒంటికాలి మీద తూలుతోంది. మూడు రోజులు ఎదురుగా కనిపించింది. వెలుతురు బాగా పడిందా, ముక్కు స్పష్టంగా వచ్చిందా అనే చూశాడు తప్ప, పక్షిని చూడలేదు.

ఆ కెమెరా అతనిది కాదు. భార్య మార్లిస్‌ది. ఆమె గద్దలకు ఏమీ పెట్టేది కాదు. కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర గంటలు గంటలు కూర్చునేది. గద్ద వస్తే ఫోటో తీసేది, రాకపోతే లేదు. రెండేళ్ల కిందట ఆమె పోయింది. అతనికి అంత ఓపిక లేదు. అందుకే పలక పాతాడు. నవంబరులో కొట్టిన జింక పేగులు, కార్జం, తూటా తగిలి నల్లబడిన భుజం మాంసం బకెట్లలో వేసి గ్యారేజీలో గడ్డకట్టించేవాడు. రోజూ ఎనిమిదింటికి, ఎండ పలక మీద పడే వేళకి, ఒక ముక్క పెట్టేవాడు. గద్దలు గడియారం చూసుకున్నట్టు వచ్చేవి. పోయినేడు అతను తీసిన ఫోటో ఊరి లైబ్రరీ వాళ్లు కేలండర్‌లో వేశారు. జనవరి నెల. ముక్కులో ఎర్రటి ముక్కతో ఈ ఆడగద్దే.

పక్కపొలం గోర్డీకి ఫోన్ చేశాడు. గోర్డీ చేపల వల, వెల్డింగ్ చేతితొడుగులు పట్టుకుని వచ్చాడు.

"ఏరా, నీ హోటల్లో తిండి పడలేదా దానికి?"

"నోర్ముయ్. దుప్పటి పట్టు."

"నువ్వు తల పట్టుకో. నేను దూరంగా నిలబడి ప్రార్థన చేస్తా. ఆ గోళ్లు చూశావా? మా ఆవిడ పళ్లకంటే పదును."

ఇద్దరూ చెరో వైపు నుంచీ వెళ్లారు. మనిషి ముంజేతిని ఇటు నుంచి అటు పొడవగల గోళ్లు అవి. వెర్లిన్ ఊపిరి బిగబట్టి దుప్పటి వేశాడు. పెనుగులాటకు సిద్ధంగా కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాడు.

పెనుగులాట లేదు. దుప్పటి కింద గద్ద తడిగుడ్డలా ఒదిగిపోయింది. ఎత్తితే బరువే లేదు. ఛాతీ ఎముక కత్తి అంచులా చేతికి తగిలింది. రోజూ తిన్న గద్ద ఇలా ఎండిపోయిందేమిటి?

గోర్డీ మరి జోకు వేయలేదు.

పక్షులకు వైద్యం చేసే చోటు పది మైళ్ల దూరంలో ఉంది. పాత పాలడెయిరీ షెడ్డు అది. డాక్టరు పా యాంగ్ అనే అమ్మాయి, లావోస్ కొండల నుంచి వచ్చి స్థిరపడిన మోంగ్ జాతి వాళ్లది, ముప్పై దాటి ఉండవు. గద్ద కాళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో దాని కళ్ల మీద గుడ్డ కప్పింది.

"ఏం తింటోంది?" అంది.

"చేపలు," అన్నాడు వెర్లిన్. "నదిలో చేపలు."

అబద్ధం నోట్లోంచి దానంతట అదే వచ్చింది. గోర్డీ అతని వైపు చూసి, నేల వైపు చూశాడు.

ఆమె రెక్క కింద సూది గుచ్చి ఒక చుక్క రక్తం తీసింది. బల్ల మీదున్న చిన్న యంత్రంలో పెట్టింది. మూడు నిమిషాలకు యంత్రం కీచుమంది. అంకె చూపించలేదు. కొలతకు మించి ఉంది అని మాత్రం చూపించింది. తర్వాత గద్దను పడుకోబెట్టి ఎక్స్‌రే తీసింది. తెర మీద పక్షి అస్థిపంజరం వచ్చింది. పొట్ట ఉన్న చోట ఐదారు తెల్లటి చుక్కలు. ఇసకరవ్వంత ఉన్నాయి.

"చేపల్లో ఇవి ఉండవు పెద్దాయనా," అంది పా. "ఇది సీసం. తూటా ముక్కలు. జింక మాంసంతో లోపలికి వెళ్లాయి."

వెర్లిన్ ఆ చుక్కల వైపే చూశాడు.

"పలక పెట్టాడమ్మా," అన్నాడు గోర్డీ నెమ్మదిగా. "రోజూ పెడతాడు. ఫోటోల కోసం. చెడుద్దేశం లేదు."

"ఎక్కడి మాంసం పెట్టారు?"

"భుజం," అన్నాడు వెర్లిన్. "ఈ ఏడు తూటా భుజం ఎముకకు తగిలింది. నల్లబడినంత మేర కోసి తీశాను. అది పెట్టాను."

"ఎంత మేర?"

అతను జానెడు చూపించాడు.

ఆమె చిరాకు పడలేదు. చిరాకు పడినా బాగుండేదనిపించింది అతనికి. "మా నాన్నా వేటాడతాడు. ఆయనా ఇలాగే జానెడు కోసేవాడు. తూటా ఎముకకు తగిలితే పొడైపోతుంది. జానెడు దాటి వెళుతుంది. కంటికి కనబడదు, పంటికి తగలదు. ఇప్పుడు నాన్న రాగి తూటాలు వాడుతున్నాడు, నేను పోరుపెట్టి మానిపించాను. మిగతా భుజం ఏం చేశారు? పారేశారా?"



పారేయలేదు. మార్లిస్ ఉంటే పారేసేది. తూటా తగిలిన భుజం మొత్తం తీసి అవతల పడేసేది. దుబారా మనిషివి అని అతను తిట్టేవాడు. ఈ ఏడు తిట్టడానికి ఎవరూ లేరు. నల్లబడిన చోటు వదిలి, దాని పక్కన ఎర్రగా, శుభ్రంగా కనబడిందంతా, మెడ, తొడ మాంసంతో కలిపి గ్యారేజీలో మిషన్‌కి వేసి ఖీమా చేశాడు. ఒక్కో పౌను తెల్లకాగితంలో చుట్టి, పైన ఖీమా అని రాశాడు. పద్నాలుగు పొట్లాలు కూతురు బ్రిటాకు ఇచ్చి వచ్చాడు.

చెడ్డది గద్దకు. దాని పక్కది బ్రిటాకు.

బ్రిటాకు ముప్పై ఎనిమిదేళ్లు. రెండుసార్లు కడుపు పోయింది. ఇప్పుడు ఆరో నెల.

"కడుపుతో ఉన్న మనిషి తింటే?" అని అడిగాడు.

పా చేతితొడుగులు తీసేసింది. "ఎవరు?"

"మా అమ్మాయి."

"నేను పక్షుల డాక్టర్ని. మనుషుల సంగతి మనుషుల డాక్టరే చెప్పాలి. కానీ మీ అమ్మాయిని ఇక ఒక్క ముద్ద కూడా తిననివ్వకండి. ఇవాళే రక్తపరీక్ష చేయించండి. ఆ ఖీమా మీ ఇంట్లో ఇంకా ఉందా?"

ఉంది. తన వాటాగా ఆరు పొట్లాలు దాచుకున్నాడు. రెండు తినేశాడు. గోర్డీ కారు తీశాడు. నాలుగు పొట్లాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. పా వాటిని గద్ద పడుకున్న చోటే పరిచి, ఎక్స్‌రే తీసింది.

మొదటిది శుభ్రంగా ఉంది. వెర్లిన్ ఊపిరి వదిలాడు. రెండోది శుభ్రంగా ఉంది. మూడోదాంట్లో ఒక మూల ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. నాలుగోదాంట్లో రెండు.

"ఏ పొట్లంలో ఏముందో చెప్పలేం," అంది పా. "మిషన్‌లో వేశాక ఎక్కడిదెక్కడికో కలిసిపోతుంది."

గోర్డీ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పెట్రోలు బంకు గోడకి ఏదో కాగితం అంటించారు కదరా పోయినేడు. ఇదేగా."

అదే. సీసం తూటాలు వద్దంటూ గద్ద బొమ్మ, ఎక్స్‌రే బొమ్మ వేసి అంటించారు. ఇద్దరూ కాఫీ తాగుతూ చదివారు. మా తాతలు తిన్నారు, మా నాన్నలు తిన్నారు, పట్నం వాళ్లకి పనిలేదు అని నవ్వింది వెర్లినే.

బ్రిటా ఇల్లు ఇరవై మైళ్లు. ఒంటరిగా వెళ్లాడు. ఫోన్ చేయడానికి ధైర్యం చాలలేదు. దారంతా ఒకటే లెక్క. ఇచ్చి ఇరవై రెండు రోజులైంది. వారానికి మూడు పొట్లాలు వండినా తొమ్మిది. అల్లుడు కోరీ సగం తిన్నా, అమ్మాయి సగం. లెక్క ఎటు తిప్పినా మంచిగా రాలేదు. స్టీరింగ్ మీద చేతులు చెమటకు జారుతున్నాయి. బయట చలి సున్నాకి కింద ఉంది.

తలుపు తీసి బ్రిటా అతని వెనక ఎవరైనా ఉన్నారా అని చూసింది. "ఏమైంది నాన్నా? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. నేనిచ్చిన ఖీమా ఎక్కడుంది?"

"తిరిగి పట్టుకుపోవడానికి వచ్చావా?"

"ఎక్కడుంది అంటున్నా."

"కింద ఫ్రీజర్‌లో. ఏమైందో చెప్పు ముందు."

చెప్పకుండానే మెట్లు దిగాడు. ఫ్రీజర్ మూత ఎత్తాడు. తను ఇచ్చిన గుడ్డసంచీ పైకే ఉంది. విప్పాడు. పొట్లాలు వరసగా, తను పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. కింది మెట్టు మీద కూలబడ్డాడు.

"తినలేదు," అన్నాడు. "మీరు తినలేదు."

బ్రిటా మెట్ల పైనే నిలబడింది, ఒక చెయ్యి పొట్ట మీద. "అమ్మ ఆసుపత్రిలో పోతుంటే నువ్వు చెట్టెక్కి జింక కోసం కూర్చున్నావు. వేట కాలం మొదలయ్యే శనివారమని. ఆ చేత్తో తెచ్చిన మాంసం నేను తింటాననుకున్నావా? వద్దంటే గొడవ. అందుకని తీసుకుని అక్కడ పడేశాను."

మార్లిసే వెళ్లమంది. మంచం పక్కన కూర్చుని నా మొహం చూడకు, వెళ్లు అంది. ఆ మాట బ్రిటా ఎప్పుడూ నమ్మలేదు. అతను రెండోసారి చెప్పలేదు కూడా. ఈ రెండేళ్లుగా ఆ కోపం అతన్ని గొంతులో ముల్లులా పొడుస్తూనే ఉంది. ఇప్పుడు మొదటిసారి దాన్ని చూసి ఏడుపొచ్చింది. ఆ కోపం వల్లే బిడ్డ బతికింది.

సంచీ భుజాన వేసుకోబోతూ లెక్కపెట్టాడు. పదమూడు.

మళ్లీ లెక్కపెట్టాడు. సంచీ తలకిందులు చేసి కుదిపాడు. ఫ్రీజర్ అడుగు దాకా చెయ్యి పెట్టి తడిమాడు.

"ఒకటి లేదు," అన్నాడు.

బ్రిటా ఒక మెట్టు దిగింది.

"అమ్మాయ్. ఒకటి లేదు."

"తెలుసు. నేను తిన్నాను." ఆమె చూపు గోడ వైపు తిరిగింది. "పోయిన ఆదివారం కోరీ ఊళ్లో లేడు. అమ్మ చేసే ఖీమా ఉండలు గుర్తొచ్చాయి. జాజికాయ వేసి, మీగడ గ్రేవీలో. వేరే మాంసంతో చేస్తే ఆ రుచి రాదు కదా. ఒక్క పొట్లమే తీశాను. నీకు చెప్పకూడదనుకున్నాను."

"మొత్తం తిన్నావా?"

"రెండు పూటలు. మొత్తం. ఎందుకలా చూస్తున్నావు? నాన్నా, భయమేస్తోంది నాకు. ఎందుకలా చూస్తున్నావు?"

అతను చెప్పాడు. గద్ద గురించి, చుక్కల గురించి, నాలుగు పొట్లాల్లో రెండు అని. తడబడకుండా చెప్పాడు, ఒకసారి ఆగితే మళ్లీ నోరు రాదని.

బ్రిటా అరవలేదు. రెండు చేతులూ పొట్ట కింద పెట్టి, జారిపోతున్న దాన్ని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"నీకు తెలీదా ఇది?"

తెలీదు అంటే సరిపోయేది. అది కూడా నాలిక చివరి దాకా వచ్చింది, పొద్దున చేపలు అన్న మాట వచ్చినట్టే.

"చదివాను," అన్నాడు. "నమ్మలేదు. నవ్వాను."

 "నా కోటు తీసుకురా. వంటింట్లో ఉంది," అంది.

కోటు ఫ్రిజ్ పక్కన కొక్కేనికి ఉంది. ఫ్రిజ్ తలుపు మీద బిడ్డ స్కానింగ్ కాగితం అంటించి ఉంది. నల్లటి చీకట్లో బూడిదరంగు తల, ముక్కు, ముడిచిన పిడికిలి. కాగితం నిండా తెల్లటి చుక్కలు. స్కానింగ్ కాగితం అలాగే ఉంటుందని అతనికి తెలుసు. ఆ బొమ్మ తీసిన నాటికి ఆ పొట్లం కట్టనే లేదు, అదీ తెలుసు. అయినా వేలితో ఒక్కో చుక్కనూ తుడిచి చూశాడు. ఏదీ పోలేదు.

"నాన్నా! దొరకలేదా?"

"వస్తున్నా."

ఆసుపత్రిలో రక్తం తీశారు. సీసం పరీక్ష పెద్ద ఊరికి పంపాలి, రెండు రోజులు పడుతుంది అన్నారు. బ్రిటా అతన్ని లోపలికి రానివ్వలేదు. అతను నడవాలో ఆమె కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మార్లిస్ పోయిన రోజు ఖాళీగా వదిలేసిన కుర్చీలో ఇవాళ కూర్చున్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు కారులో ఆమె ఒకటే మాట అంది.

"ఇది కూడా పోతే నీ మొహం చూడను."

"సరే," అన్నాడు.

మర్నాడంతా ఫోన్ చేతిలోంచి దించలేదు. రాత్రి కోటు విప్పకుండా కుర్చీలోనే పడుకున్నాడు. రెండో రోజు తెల్లారాక మోగింది. పా యాంగ్.

"తెల్లవారుజామున పోయింది పెద్దాయనా. ఇంజక్షన్లు చేశాను. ఆలస్యమైంది."

"ఎలా పోయింది?"

"అడక్కండి. మగది అక్కడే ఉందా? పలక తీసేశారా?"

తీయలేదు. ఆ సంగతే గుర్తులేదు. కిటికీలోంచి చూశాడు. మగగద్ద పలక మీద ఉంది. గడ్డకట్టిన ముక్కను కాలితో తొక్కిపట్టి, ముక్కుతో పీకుతోంది.

చెప్పులతోనే బయటికి పరుగెత్తాడు. అరిచాడు. మాటలు కావు, ఉత్త అరుపు. గద్ద లేచి కొమ్మెక్కింది. ముక్కులో ఏమైనా ఉందా, మింగిందా, కనబడలేదు. ఎంత మింగింది? నిన్నెంత తింది? మొన్నెంత తింది? ఆడదానికిది తోడుగా తిన్న రోజులెన్ని?

గ్యారేజీలోంచి గొడ్డలి తెచ్చి పలకను నరికి, ముక్కలు పొయ్యిలో వేశాడు. నేల రాయిలా బిగుసుకుపోయి ఉంది. గడ్డపార తీసుకుని గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. దెబ్బకి అంగుళం లేస్తోంది. రెండు బకెట్ల పేగులు, పదమూడు పొట్లాలు, తన నాలుగు పొట్లాలు పక్కన పెట్టుకున్నాడు. నక్కలు కూడా తవ్వలేనంత లోతు కావాలి. పైన గద్ద తల పక్కకు పెట్టి బకెట్ల వైపే చూస్తోంది. వాటికీ గద్దకూ మధ్యలో నిలబడి, దానికి వీపు చూపించకుండా తవ్వాడు. అరచేతులు పొక్కులొచ్చి పగిలాయి. కెమెరా కిటికీ దగ్గర స్టాండు మీదే ఉంది. వెలుతురు బాగుంది.

మధ్యాహ్నం గొయ్యి నడుము లోతు ఉన్నప్పుడు ఫోన్ మోగింది. గొయ్యిలోంచే ఎత్తాడు.

"ఉంది," అంది బ్రిటా.

గడ్డపార చేతిలోంచి జారింది.

"రక్తంలో ఉంది. తక్కువే అంటున్నారు. ఇంకోసారి తీస్తారట వచ్చే నెల. బిడ్డ పుట్టగానే బిడ్డకీ తీస్తారట. అప్పటిదాకా ఏమీ చెప్పరట. మంచీ చెప్పరు, చెడ్డా చెప్పరు."

"ఎప్పుడు పుడుతుంది?"

"మార్చి ఆఖరు. నీకు ముందే చెప్పాను."

"చెప్పావు. మర్చిపోలేదు. మార్చి ఆఖరు."

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాడు.

"ఆ గద్ద?" అంది.

"పోయింది."

ఆమె ఏడ్చిందో లేదో తెలియలేదు. "అమ్మ గద్ద," అంది. తర్వాత ఫోన్ పెట్టేసింది.

పొట్లాలూ పేగులూ గొయ్యిలో వేసి మట్టి కప్పాడు. మట్టి మీద రాళ్లు పేర్చాడు. పలక ఉన్న చోట మంచు మీద ఎర్రటి మరకలుంటే పారతో ఎత్తి పొయ్యిలో పోశాడు. ఎంత ఎత్తినా ఇంకెక్కడో ఒక మరక కనబడుతోంది. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో ఏరాడు.

నీడ కదిలితే తలెత్తాడు. మగగద్ద దిగుతోంది. రెండేళ్లుగా అలవాటైన చోటికి, అలవాటైన మనిషి దగ్గరికి. పది అడుగుల దూరంలో వాలి, లేని పలకను వెతుకుతోంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. రెక్కలు చూశాడు. కుడిది సరిగా ఉంది. ఎడమది కాస్త దిగినట్టుంది. దిగిందా? నిలబడ్డ తీరే అంతా?

కోటు విప్పి గాలిలో తిప్పుతూ అరిచాడు. గద్ద ఎగిరి కొమ్మ మీద కూర్చుంది. కాసేపాగి మళ్లీ దిగింది. మళ్లీ అరిచాడు. ఎగిరిన ప్రతిసారీ ఎడమ రెక్కనే చూశాడు. ఎంత చూసినా ఏమీ తేల్చుకోలేకపోయాడు.

పొద్దు నది అవతల కొండ వెనక్కి పోయేదాకా, కోటు చేత్తో పట్టుకుని, ఆ రాళ్ల పక్కనే నిలబడ్డాడు. రేపు కూడా వస్తుంది, ఎనిమిదింటికే.